సాగనంపని సంచిక

సంచిక 212 వారం

ఇవాళ రేకులు కడిగాం.

మా ఊరు మూడో మజిలీ, ఇక్కడ గడపకొక రేకు. సోమవారం దాని మీద మా మజిలీ వీరుడు కొక్కెందొర బొమ్మల కథ అచ్చయి ఇంటికి వెళ్తుంది. శనివారం తిరిగొస్తుంది. ఆదివారం ఉప్పునీళ్ళలో ముంచితే సిరా వదిలిపోతుంది. మళ్ళీ సోమవారం అదే రేకు మీద కొత్త కథ. కాగితాన్ని నేను ఒక్కచోటే చూశాను, బడిలో సిస్టర్ క్లారెట్ గారి ప్రార్థన పుస్తకంలో.

అందుకని మా దగ్గర పాత సంచికలంటూ ఉండవు. కథ ఎంతవరకు వచ్చిందన్నది జనం తలల్లో ఉంటుంది. నేనేదైనా మర్చిపోయి రాస్తే భోజనాల హాల్లో పట్టుకుంటారు.

బొమ్మలు మస్తాన్ బాబాయి వేస్తాడు. కథా మాటలూ నావి. కడగడం మాత్రం ఇద్దరిదీ. ఒక రేకు మీద పులుసు మరక. ఇంకోదాని మూల చిన్న చిన్న పళ్ళ గాట్లు.

"ఇది ఆదెమ్మ మనవరాలు," అన్నాడు బాబాయి. "నీ కథ ఆ పిల్లకొక్కదానికే రుచించినట్టుంది."

పని మధ్యలో సత్యవేణక్క వచ్చింది. ఆవిడ మంచు కరిగించే నీటిశాలలో పనిచేస్తుంది. భర్త కోరాడ సూరిబాబు మంచు కోసే జట్టులో ఉండేవాడు. అడుగు సొరంగంలో పైకప్పు జారి అతని మీద పడింది. మంచు తీసుకున్నవాళ్ళని తిరిగివ్వదు. కాబట్టి మాకు పాడె లేదు, గొయ్యి లేదు. రేకు ఉంది.

మంచులో పోయినవాళ్ళని కొక్కెందొర తన కథలోకి తీసుకుంటాడు. ఇంటివాళ్ళు వచ్చి ఆ మనిషి ఎలా నడిచేవాడో, ఎలా నవ్వేవాడో చెప్తారు. కొన్ని నెలలపాటు అతను దొర వెనక తాడు పట్టుకుని ఉంటాడు. చివరికి సాగనంపు సంచిక వస్తుంది. దొర అతని చేతిలోంచి తాడు అందుకుని ప్రతిసారీ అదే మాట అంటాడు: "తాడు నేను పట్టుకున్నాను. నువ్వు వదిలెయ్." అతను వదిలి, వెనక్కి చూడకుండా మంచులోకి నడిచిపోతాడు. ఆ వారమే ఇంటివాళ్ళు అతని గ్లాసు తీసుకెళ్ళి ఉమ్మడి వంటశాలలో ఇచ్చేస్తారు. అప్పటిదాకా ప్రతి పూటా ఆ గ్లాసులో నీళ్ళు పొయ్యాల్సిందే. అప్పటిదాకా ఆ ఇల్లు వదలకూడదు. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మిగతా ఏడు మజిలీల్లో లేదు. అక్కడ మంచు కోసేవాళ్ళు లేరు.

"పోయిన వారం మా ఆయన చేత చాలా గొప్ప మాటలు చెప్పించావు ఫిలోమినా," అంది సత్యవేణక్క. "ఆయనకంత సీన్ లేదు."

"ఏమనాలక్కా మరి?"

"ఏ పని చెప్పినా 'అదెంత పని' అంటాడు. అంతే. తర్వాత ఆ పని పాడుచేస్తాడు. నేను మళ్ళీ సరిచేసుకుంటాను."

బాబాయి నవ్వాడు. ఆవిడా నవ్వింది. తర్వాత, "రెండొందల పదహారులోనేగా సాగనంపు?" అని అడిగింది. అవునన్నాను. ఐదో మజిలీ కొత్త నీటిశాలలో ఆవిడకి పని ఇచ్చారు. వాళ్ళక్క కూడా అక్కడే ఉంది. "అది అయ్యాక బండెక్కుతా. ఆయన్నిక్కడ వదిలేసి ఎలా పోను?" అంది.

ఆవిడ వెళ్ళాక కేంద్రం నుంచి కబురొచ్చింది. ఎనిమిది మజిలీల కథకులూ రావాలట.

రాత్రి దీపం తగ్గించే ముందు ఆ రోజు చేసింది మూడు వాక్యాల్లో రాసుకోమని సిస్టర్ క్లారెట్ నేర్పారు. నాలుగోది సాకు అవుతుందనేవారు. ఇవాళ ఎక్కువే రాశాను. ఇవాళ సాకు చెప్పాల్సిన పని లేదు.

సంచిక 213 వారం

కేంద్రానికి వెళ్ళే బండికి ఒకచోట కిటికీ ఉంటుంది. అక్కడ పెద్దాయన, అంటే గురుగ్రహం, కనిపిస్తాడు. ఆకాశం సగం నిండి, చారలు చారలుగా. పెద్దవాళ్ళు దండం పెడతారు. నేను సిలువ గుర్తు వేసుకుంటాను. ఎవరూ ఏమీ అనుకోరు.

సమావేశం గదిలో పొడుగాటి బల్ల. కేంద్రం కథాశాల పెద్ద ఇందుశేఖర్ గారు మంచి మనిషిలానే ఉన్నారు. వచ్చినవాళ్ళందరికీ బెల్లం ఉండలు పెట్టించారు. నిజం బెల్లం.

ఆయన చెప్పింది ఇది. నాలుగు వారాలు ఎనిమిది కథలూ ఆగిపోతాయి. ఎనిమిదిమంది వీరులూ ఒకే కథలోకి వస్తారు. దాని పేరు మహాకూటమి. శూన్యాసురుడని ఒకడు మజిలీలన్నిటినీ మింగడానికి వస్తాడు. "ఒక మజిలీవాళ్ళకి ఇంకో మజిలీ వీరుడి పేరు కూడా తెలీదు. మనమంతా ఒక్క ఊరని తెలియొద్దా?" అన్నారు. అది తప్పని నాకూ అనిపించలేదు.

ఏడో మజిలీ కథకుడు చెయ్యెత్తాడు. "సార్, మా మెరుపురాణి పెళ్ళిపీటల మీద ఉంది."

"లేచొస్తుంది. ఇంకా బాగుంటుంది."

"పెళ్ళికొడుకు?"

"కూర్చునే ఉంటాడు. నాలుగు వారాలేగా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఇందుశేఖర్ గారు అన్నారు: "శూన్యాసురుడంటే భయం వెయ్యాలంటే వాడు ఊరికే అరిస్తే చాలదు. ఎవరో ఒకరు పోవాలి. వీరులు పోకూడదు. మజిలీకొకరు, పక్కపాత్ర." మా కథల నమూనా రేకులు బల్ల మీద పరిచి ఉన్నాయి. ఒక్కొక్కరి దగ్గరా ఆగి అడుగుతూ వచ్చారు. నా దగ్గరికొచ్చి ఒక గడి మీద వేలు పెట్టారు.

"ఈ తాడు పట్టుకున్నతను ఎవరమ్మా?"

"సూరిబాబండీ."

"ముఖ్యమైనవాడా?"

నా తలలో వాక్యం సరిగ్గానే ఉంది. ఇతను నిజంగా బతికిన మనిషండీ, పోయాడు, మా కథలో అతన్ని సాగనంపాలి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నా వైపు చూస్తున్నారు. నోరు తెరిచాను.

"పక్కపాత్రేనండీ. కానీ..."

"మంచిది," అని ఆయన నాలుగో మజిలీ రేకు అందుకున్నారు. నా 'కానీ' ఆయనకి వినపడలేదు. పక్కన కూర్చున్నావిడకి కూడా వినపడి ఉండదు. బడిలో సిస్టర్లు "గట్టిగా, ఫిలోమినా" అనేవారు. ఇక్కడ ఎవరూ అనలేదు.

మూడు వాక్యాలు. అడిగారు. చెప్పలేదు. బెల్లం తిన్నాను.

సంచిక 214 వారం

"ఏమడిగారు అక్కడ?" అన్నాడు బాబాయి.

"ఏమీ అడగలేదు బాబాయ్. వాళ్ళే చెప్పారు."

ఇది అబద్ధం. బాబాయి ఇంకేమీ అడగలేదు. నేను చెప్పింది ఆయన నమ్ముతాడు. నేను ఆయనకి అంతకుముందు అబద్ధం చెప్పలేదు.

కేంద్రానికి కబురు రాద్దామని కూర్చున్నాను. 'గౌరవనీయులైన ఇందుశేఖర్ గారికి' అని రాసి తుడిచాను. సమావేశంలో అననిదాన్ని ఇప్పుడు రాస్తే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు. పైగా ఆయన అతన్నే తీసుకుంటారని ఏముంది? ఎనిమిది కథల్లో ఎంతమంది లేరు? ఇలా అనుకుని దీపం తగ్గించాను. రేపు రాద్దామనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను.

ఈ వారంతో మా కథ ఆగుతుంది. ఎక్కడ ఆగాలో నేను ఎంచుకోలేదు. కొక్కెందొర లోతు బావిలో వేలాడుతున్నాడు. కింద పిల్లలు చిక్కుకుని ఉన్నారు. పైన గట్టు మీద సూరిబాబు ఒక్కడే తాడు పట్టుకుని ఉన్నాడు. వచ్చే సంచికలో పిల్లలు పైకి రావాలి. ఆ తర్వాతిదే సాగనంపు.

సత్యవేణక్క నీటిశాల నుంచి నేరుగా వచ్చింది. చేతులింకా తడిగానే ఉన్నాయి.

"ఆపుతున్నారంట కదా. మరి మా ఆయన?"

"నాలుగు వారాలేనక్కా. కూటమి అయ్యాక మనది మనకే వస్తుంది."

"అప్పటిదాకా ఆయన్ని తాడు పట్టుకుని నిలబడమంటావు."

"అవునక్కా."

"నిలబడతాడులే. కదలకుండా ఉండడం ఒక్కటే ఆయనకి బాగా వచ్చిన పని." చేతులు తుడుచుకుంటూ, "ఐదో మజిలీవాళ్ళకి కబురు చేస్తాను, నెల తర్వాత వస్తానని. నువ్వు చెప్పావు కాబట్టి," అంది.

మహాకూటమి 1 వారం

కథ పేజీలు ఇప్పుడు కేంద్రం నుంచే తయారై వస్తున్నాయి. బాబాయి బొమ్మలు వెయ్యక్కర్లేదు. నేను రాయక్కర్లేదు. అచ్చు వేసి పంచితే చాలు.

నిజం రాయాలి. మొదటి రేకు నాకు నచ్చింది. ఎనిమిదిమంది వీరులూ ఒకే గడిలో నిలబడితే చూడ్డానికి బాగుంది. మెరుపురాణి పెళ్ళిచీరలోనే వచ్చింది. పిల్లలు నడవల్లో శూన్యాసురుడి ఆట ఆడుతున్నారు. వాడి వేషం ఎవరు వెయ్యాలని కొట్టుకుంటున్నారు.

భోజనాల హాల్లో మాత్రం మంచు జట్టువాళ్ళు నా బల్ల దగ్గరికొచ్చారు. జట్టు పెద్ద కటారి నూకరాజు సూరిబాబుతో కలిసి పనిచేసినవాడు. ఎవర్నీ ఊరికే వదలడు.

"ఏం ఫిలోమినా, మన దొర భుజాలకి ఆ దుప్పటేంటి?"

"అది వాళ్ళు వేశారన్నా. వీరులందరికీ ఉండాలంట."

"కొక్కేనికి చుట్టుకుని చస్తాడు. మొన్నటిదాకా బావిలో వేలాడుతున్నాడు కదా, పైకెలా వచ్చాడు?"

"చెప్పలేదన్నా."

"లిఫ్టులో వచ్చుంటాడు," అన్నాడు వెనకనుంచి ఎవరో.

"పిల్లల్ని కింద వదిలేసి?" అన్నాడు నూకరాజు. "మన దొర అలాంటివాడు కాదు." ఈసారి అతను నవ్వలేదు. "ఇంకోటి. పేజీ పొడుగునా మాట్లాడుతున్నాడు. మనవాడు పనయ్యేదాకా నోరు విప్పడు కదా. మేం సొరంగంలో అలాగే ఉంటాం. మాట్లాడితే ఊపిరి దండగ."

దొరకి ఆ మౌనం నేను ఇచ్చింది కాదు. ఈ జట్లవాళ్ళని చూసి నాకంటే ముందు రాసినవాళ్ళు ఇచ్చారు. నేను దాన్ని కాపాడాల్సినదాన్ని. కేంద్రంలో దాని గురించి కూడా నేను మాట్లాడలేదు.

మహాకూటమి 2 వారం

సోమవారం పేజీలు వచ్చాయి. ఆఖరి వరసలో, మూల గడిలో సూరిబాబు ఉన్నాడు.

శూన్యాసురుడి పాదం కింద ఉన్నాడు. మంచు పెళ్ళలు మీద పడి, నోరు తెరుచుకుని ఉన్నాడు. కుడి భుజం ముందుకు ఉంది. అలా భుజం ముందుకు వేసి నడిచేవాడని సత్యవేణక్క చెప్పిందే. నా నమూనా రేకు చూసి కేంద్రంలో జాగ్రత్తగా గీశారు. పక్క గడిలో కొక్కెందొర దుప్పటి ఎగరేసుకుంటూ వెళ్ళిపోతూ వెనక్కి చూసి, "అయ్యో, ఎవరో పాపం!" అంటున్నాడు.

బాబాయి చాలాసేపు చూశాడు.

"వీళ్ళకి సూరి ఎలా దొరికాడు?"

అప్పుడు చెప్పాను. బల్ల గురించి, వేలు గురించి, నేనన్న మాట గురించి. బాబాయి తిట్టలేదు. తడవని కుంచెని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

"ఏమీ అడగలేదన్నావు నాతో," అన్నాడు చివరికి.

తర్వాత, "ఈ ఒక్క గడీ తెల్లగా వదిలేసి అచ్చేద్దాం," అన్నాడు.

"పంపింది పంపినట్టే వెయ్యాలని ఉంది బాబాయ్. తేడా వస్తే అడుగుతారు."

"అడగనీ."

"ముందు వాళ్ళకి ఫోన్ చేసి చెప్తాను."

ఫోన్ గదిలోకి వెళ్ళాను. కేంద్రంలో ఒకమ్మాయి ఎత్తింది. ఇందుశేఖర్ గారు పనిలో ఉన్నారు, విషయం ఏంటో చెప్పండి, ఆయనకి చెప్తాను అంది. నా వెనక ఇంకో ఇద్దరు ఫోన్ కోసం నిలబడి ఉన్నారు. "ఏం లేదండీ, తర్వాత చేస్తాను," అన్నాను.

రేకులన్నీ అచ్చు వేశాం. నేనే పంచాను. సత్యవేణక్క ఇంటి దగ్గర తలుపు కొట్టలేదు. రేకు తలుపు సందులోంచి లోపలికి తోసి వచ్చేశాను.

మూడు వాక్యాలు చాలటం లేదు. ఎక్కువ రాస్తే సిస్టర్ చెప్పిందే అవుతుంది. ఆపుతున్నాను.

అదే వారం, ఆదివారం

రేకులు తిరిగొచ్చాయి. మొదటిదాన్ని నీళ్ళలో ముంచబోయి ఆగాను. ఆఖరి వరసలో మూల గడి తెల్లగా ఉంది. ఎవరో ఉప్పు వేసి వేలితో రుద్దారు. రెండోది తీశాను. అదీ అంతే. పులుసు మరకల రేకు, పళ్ళ గాట్ల రేకు, అన్నీ అంతే. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారో, ఎవరికి వాళ్ళకే తోచిందో తెలియదు. కొన్నిటి మీద 'ఎవరో పాపం' అన్న మాట కూడా చెరిపేశారు. ఒక రేకు మీద గడి పక్కన బొగ్గుతో 'సూరి' అని రాసి ఉంది.

బాబాయి చెప్తే నేను వద్దన్న పనిని మజిలీ మొత్తం చేసింది.

ఒక్క రేకు రాలేదు. అడగడానికి వెళ్ళానని రాస్తే అది నిజం కాదు. అడగాల్సింది రేకు గురించి కాదు.

సత్యవేణక్క తలుపు తీసి పక్కకి జరిగింది. లోపలికి వెళ్ళాను. గోడ బల్ల మీద గ్లాసులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. రేకు గోడకి ఆనించి ఉంది. దాన్ని రుద్దలేదు. గడి అలాగే ఉంది.

"కూర్చో."

కూర్చున్నాను.

"దొర 'ఎవరో' అన్నాడు," అంది. "తాడు పట్టుకుంది ఎవరనుకున్నాడట?"

నేను మాట్లాడలేదు.

"సూరి బొమ్మ వాళ్ళకి నువ్వే ఇచ్చావా?"

"అడిగారక్కా. ముఖ్యమైనవాడా అని."

"నువ్వేమన్నావు?"

"పక్కపాత్ర అన్నాను."

ఆవిడ తలూపింది. కోపంగా ఏమీ లేదు. లెక్క సరిపోయిందన్నట్టు తలూపింది, అంతే.

"ఆయన రెండోసారి కూడా మంచు కిందే పోయాడు ఫిలోమినా. మొదటిసారి నేను చూడలేదు. అందుకే కాస్త నిద్రపట్టేది. ఇప్పుడు చూశాను."

"నేను సాగనంపు రాస్తానక్కా. కూటమి అవగానే..."

"మళ్ళీ లేపుతావా? లేపి, తాడిచ్చి, మళ్ళీ పంపుతావా?" ఆవిడ గొంతు అప్పుడు ఒక్కసారి పెరిగింది, వెంటనే తగ్గింది. "వద్దు. ఆయన మొహం ఇంక వెయ్యకండి. ఎక్కడా వెయ్యకండి."

"మరి నువ్వు ఐదో మజిలీకి...?"

"ఎలా పోతాను? ఆయన పోలేదుగా. పడిపోయి ఉన్నాడు."

లేచి వచ్చేశాను. నాకు మంచినీళ్ళివ్వలేదు. మూడో మజిలీలో గడప దాటినవాళ్ళకి నీళ్ళివ్వకపోవడమంటే ఏంటో ఇక్కడ రాయక్కర్లేదు.

మహాకూటమి 4 వారం

శూన్యాసురుడు చచ్చాడు. ఎనిమిదిమంది చేతులు కలిపి కాంతిగోళం విసిరితే చచ్చాడు. పిల్లలు కూడా దాని గురించి రెండు రోజులే మాట్లాడుకున్నారు.

భోజనాల హాల్లో నూకరాజు నన్ను చూసి పళ్ళెం కొంచెం పక్కకి జరుపుకుంటున్నాడు. ఎగతాళి చేస్తే బాగుండును.

కేంద్రం నుంచి ఆదేశం వచ్చింది. వచ్చే వారం నుంచి ఎవరి కథ వాళ్ళదే. కానీ కూటమిలో ఈ వీరులు పరిచయమైన కొత్త పాఠకులు ఎనిమిది మజిలీల్లోనూ ఉన్నారు కాబట్టి అన్ని కథలూ అన్ని మజిలీలకీ వెళ్తాయి, ఒకటో సంచిక నుంచి మొదలవ్వాలి. పాత సంగతులు ఎత్తకూడదు. బావి లేదు, పిల్లలు లేరు. దుప్పటి ఉంటుంది. మెరుపురాణికి అసలు పెళ్ళే కుదరలేదు. పీటల మీద ఉన్నవాడు ఏమయ్యాడో ఆ కథకుడికే తెలియాలి.

రెండు వారాలుగా బాబాయి నాతో పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. ఆదేశం చదివి వినిపించాక నేనే అడిగాను.

"బాబాయ్, ఆవిడ మొహం వెయ్యొద్దంది. మొహం లేకుండా సాగనంపొచ్చా?"

"పాత సంగతులు ఎత్తొద్దన్నారుగా."

"పేరుండదు. మొహం ఉండదు. వాళ్ళకి తెలీదు."

"అంటే మళ్ళీ చాటుగా."

ఆయన చెప్పింది నిజం. ధైర్యం చేస్తున్నాననుకుంటూ దాక్కోడానికి ఇంకో చోటు వెతుక్కుంటున్నాను.

"అడిగి చేద్దాం," అన్నాను. "కేంద్రాన్ని కాదు. ఆవిడని."

నీటిశాల బయట నిలబడ్డాను. సత్యవేణక్క పని దిగి వచ్చింది. ఏం గీయాలనుకుంటున్నామో చెప్పాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా ఉంది. ఆవిడ "ఏంటి?" అంది. మళ్ళీ చెప్పాను. "ఏంటి?" అంది. మూడోసారి చెప్పేటప్పటికి పక్కన వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు.

"మొహం ఉండదుగా?" అంది.

"ఉండదక్కా."

ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. వద్దనలేదు.

సంచిక 1 వారం

మొదటి గడి. బావి గట్టు. కొక్కెందొర ఒంటరిగా నిలబడ్డాడు. బాబాయి దుప్పటి వేశాడు కానీ అది మడిచి రాతి మీద పెట్టి ఉంది. గడి అంచులోంచి ఒక తాడు లోపలికి వస్తోంది. అవతల ఎవరున్నారో కనపడదు. దొర ఆ తాడు అందుకుని అంటున్నాడు: "తాడు నేను పట్టుకున్నాను. నువ్వు వదిలెయ్."

గడి బయటి నుంచి ఒక మాట: "అదెంత పని."

రెండో గడిలో తాడు మొత్తం దొర చేతిలో ఉంది. అంచు అవతలికి ఏమీ లేదు. దొర ఆ వైపే చూస్తున్నాడు. మాటలు లేవు. మూడో గడి నుంచి కేంద్రం చెప్పిన కొత్త కథ.

సోమవారం పంచాను, సత్యవేణక్కకి అదనపు రేకు మీద వేసి. ఈసారి తలుపులన్నీ కొట్టాను.

శనివారం సత్యవేణక్క స్వయంగా వచ్చింది. నేను లోపల ఉప్పునీళ్ళు కలుపుతున్నాను. గుమ్మంలో బాబాయికి రెండు రేకులిచ్చింది, ఈ వారానిదీ, అప్పుడు తిరిగివ్వకుండా ఉంచుకున్నదీ.

"ఈ పాతది ఆ పిల్లని కడగమను మస్తానన్నా," అంది. నాకు వినపడేలాగే అంది. నా వైపు చూడలేదు.

కడిగాను. సిరా త్వరగానే వదిలింది. ముందు శూన్యాసురుడి పాదం పోయింది. సూరిబాబు భుజం కాసేపు నిలిచింది. బొటనవేలితో రుద్దాల్సి వచ్చింది. బాబాయి పక్కన నిలబడి రేకు ఆరవేశాడు.

ఆవిడ ఆ సాయంత్రం బండికే ఐదో మజిలీకి వెళ్ళిపోయింది. నూకరాజు జట్టు సామాను మోసిందట. నాకెవరూ చెప్పలేదు. భోజనాల దగ్గర వంటశాల గ్లాసుల దొంతరలోంచి ఒకటి తీసుకున్నాను. అడుగున మేకుతో గీకిన అక్షరాలు వేలికి తగిలాయి. తిప్పి చూశాను. 'కో. సూరి' అని ఉంది. దాన్ని దొంతరలో పెట్టేసి ఇంకోటి తీసుకోబోయాను. ఎదురుగా కూర్చున్న నూకరాజు చూస్తున్నాడు.

"తాగు," అన్నాడు. "అది ఇప్పుడు అందరిదీ."

తాగాను.

ఈ ఉదయం ఇందుశేఖర్ గారు ఫోన్ చేశారు. ఆయనే స్వయంగా.

"ఏమ్మా ఫిలోమినా, మొదటి గడి అదరగొట్టావు. అన్ని మజిలీల నుంచీ అడుగుతున్నారు, ఆ తాడు అవతల ఎవరూ అని. పాఠకుణ్ణి అలా పట్టుకోవాలి. విను, వచ్చే ఏడాది రెండో కూటమి ఉంది. అతన్ని అందులో తిరిగి తెద్దాం. శూన్యాసురుడి వారసుడిగా. దొర వదిలేశాడని పగ పట్టినవాడిలా. ఎలా ఉంది?"

ఫోన్ గది బయట ముగ్గురు నిలబడి ఉన్నారు. తలుపు తెరిచే ఉంది.

"అతను తిరిగి రాడండీ."

"కథల్లో ఎవరైనా వస్తారమ్మా."

"ఈయన రాడు. ఈయన పేరు కోరాడ సూరిబాబు. మా మజిలీ మనిషి. మంచు మీద కూలి చనిపోయాడు. మంచులో పోయినవాళ్ళని మేం ఈ కథలోనే సాగనంపుతాం. మాకు వేరే చోటు లేదు. కూటమిలో మీరు పాదం కింద వేసింది ఆయన్నే. ఆ వారం ఆయన భార్య ఆ బొమ్మ చూసింది."

బయట నిలబడ్డ ముగ్గురూ కదల్లేదు.

"అయ్యో," అన్నారు ఇందుశేఖర్ గారు. గొంతు పూర్తిగా మారిపోయింది. "నాకు తెలీదమ్మా. తెలిస్తే వెయ్యనిస్తానా? ఆ రోజు బల్ల దగ్గర అడిగాను కదా. ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చండీ," అన్నాను.

ఈ రోజుకి మూడు వాక్యాలు. పేరు చెప్పాను. చెప్పడానికి ఒక్క గుక్క కూడా పట్టలేదు. ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది.